మూడు ఊళ్ల నడుమ ఒక్క రోడ్డు: కాజీపేట నుంచి ఓరుగల్లు కోట దాకా

హనుమకొండకు రైల్వే స్టేషన్ లేదు. జిల్లా కేంద్రం, యూనివర్సిటీ ఉన్న ఊరు, రాత్రీ పగలూ సందడి తగ్గని బస్‌స్టేషన్ ఉన్న ఊరు. అయినా రైలెక్కాలంటే పడమర కాజీపేటకు పోవాలి, లేదా తూర్పున వరంగల్‌కు పోవాలి. ఆ రెండు స్టేషన్ల మధ్య పట్టాల మీద దూరం 10 కిలోమీటర్లే. అదే రోడ్డు మీద పోయేవాళ్లు మాత్రం ఉత్తరానికి మళ్లి, హనుమకొండ నడిబొడ్డున పడి, మళ్లీ దక్షిణానికి తిరిగి వరంగల్ చేరుకోవాలి.

మ్యాపు తీసి చూస్తే సంగతి వెంటనే తెలుస్తుంది. రైలు పట్టాలు నారి అనుకుంటే, రోడ్డు దానికి పైన వంగిన విల్లు. ఈ రెండింటికీ మధ్య భద్రకాళి చెరువు, గుట్టలు, హంటర్ రోడ్డు, దాని వెంట ఈ నలభై యాభై ఏళ్లలో లేచిన కాలనీలు ఉన్నాయి. వరంగల్ గురించి బయటివాళ్లకే కాదు, ఇక్కడివాళ్లకూ కొన్ని తికమకలు ఉన్నాయి. ఇది ఒక ఊరా, మూడు ఊళ్లా? చౌరస్తాలు రెండు ఎందుకున్నాయి? ఒకే నగరం రెండు జిల్లాల్లో ఎలా ఉంది? వాన పడ్డ ప్రతిసారీ అవే చోట్లు ఎందుకు మునుగుతాయి? ఈ రోడ్డు ఏ ముక్క ఎప్పుడు, ఎవరి అవసరానికి పడిందో తెలిస్తే వీటన్నిటికీ జవాబు దొరుకుతుంది.

ముందు దారి చెప్పుకుందాం. కాజీపేట చౌరస్తా, ఫాతిమానగర్ వంతెన, నిట్, సుబేదారి, అదాలత్, నక్కలగుట్ట, హనుమకొండ చౌరస్తా, వేయిస్తంభాల గుడి, ములుగు రోడ్డు జంక్షన్, ఎంజీఎం ఆసుపత్రి, మట్టెవాడ పక్కనుంచి వరంగల్ చౌరస్తా, స్టేషన్, అండర్ బ్రిడ్జి, శివనగర్, ఖిలా వరంగల్. ఇంత పొడుగు రోడ్డుకు జనం నోట ఒక్క పేరు లేదు. ముక్కకో పేరు: కాజీపేట రోడ్డు, ములుగు రోడ్డు, జేపీఎన్ రోడ్డు, స్టేషన్ రోడ్డు. షేరింగ్ ఆటో ఆపి "చౌరస్తా పోతదా అన్నా?" అని అడిగితే, "ఏ చౌరస్తా? హన్మకొండనా, వరంగలా?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. వరంగల్ అంటే, "ఎంజీఎం దాకనే" అన్న జవాబు కూడా వచ్చే అవకాశం గట్టిగానే ఉంది. అక్కడ దిగి ఇంకో ఆటో ఎక్కాలి.

ఇది కాకతీయులు వేసిన రాజమార్గమని, నేటి మెయిన్ రోడ్డు దాని మీదే పడిందని చాలామంది అనుకుంటారు. వినడానికి బాగుంటుంది గానీ, నగరం రూపం చూస్తే ఆ మాట నిలవదు. కాకతీయులు రెండు ఊళ్లు కట్టారు. మూడోదాన్ని రైలు కట్టింది. వాటి మధ్య మిగిలిన ఖాళీలను నిజాం అధికారులు, ఆ తర్వాత కాలేజీలు, ఆసుపత్రులు, దుకాణాలు నింపాయి. అలా నింపుతూ పోగా మిగిలిన సందే ఈ రోడ్డు.

గుట్టల మధ్య ఊరు, కోటలో ఊరు

వీటిలో పాతది హనుమకొండ. కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్న రోజుల్లోనే కాకతీయులు ఇక్కడ కుదురుకున్నారు. చుట్టూ రాతి గుట్టలు, వాటి మధ్య వాననీళ్లు నిలిచే పల్లాలు. శత్రువుకు దారి కష్టం, చెరువుకు కట్ట సులువు. పద్మాక్షి గుట్ట మీద 1117 నాటి శాసనం ఒకటుంది. రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన జైన బసది (జైనుల గుడి) గురించి చెబుతుందది. అంటే రోడ్డు మీద వేయిస్తంభాల గుడి లేవకముందే గుట్ట మీద జైనుల బసది ఉంది. బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. వాళ్లలో తలెత్తి ఆ గుట్ట మీది తీర్థంకరుల వైపు చూసేవాళ్లు తక్కువ.

1163లో రుద్రదేవుడు వేయిస్తంభాల గుడి కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ ఒకే చోట గర్భగుళ్లున్న త్రికూటాలయం ఇది. అక్కడి శాసనం చాళుక్యుల నీడ నుంచి కాకతీయులు బయటికి వచ్చిన సంగతికి సాక్ష్యం కూడా. ఇవాళ ఆ గుడి గేటు మెయిన్ రోడ్డును ఆనుకొనే ఉంటుంది. గుడికి ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని మరమ్మతు కోసం రాయి రాయి విడదీశారు. మళ్లీ నిలబెట్టేసరికి రెండు దశాబ్దాలకు దగ్గర పట్టింది. 2024 మహాశివరాత్రికి గానీ తెరవలేదు. కాకతీయులు పునాదిలో ఇసుక నింపి దాని మీద అంత బరువు నిలబెట్టారు. ఆ పద్ధతిని అర్థం చేసుకొని మళ్లీ కట్టడం ఆషామాషీ వ్యవహారం కాదు. అయినా ఇరవై ఏళ్లు ఎక్కువే అని నేనంటాను.

రాజ్యం పెరిగేకొద్దీ గుట్టల మధ్య ఊరు ఇరుకైంది. రుద్రదేవుడి కాలంలో మొదలుపెట్టిన కోటను ఓరుగల్లు మైదానంలో గణపతిదేవుడు పూర్తిచేశాడు. ఆయన 1199 నుంచి 1262 దాకా ఏలాడు. ఆయన కూతురు రుద్రమదేవి గోడల ఎత్తు పెంచింది. హనుమకొండ గుట్టల వాలును బట్టి పెరిగిన ఊరైతే, ఓరుగల్లు గీత గీసి కట్టిన ఊరు. లోపల దాదాపు 1.2 కిలోమీటర్ల వ్యాసంతో గుండ్రని రాతికోట, దాని చుట్టూ కందకం. బయట అంతకు రెట్టింపు వ్యాసంతో మట్టికోట, దానికీ కందకం. నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. వాటినుంచి వచ్చే బాటలు నడిమధ్య స్వయంభూ శివుడి గుడి దగ్గర కలుస్తాయి. ఆ గుడి చుట్టూ నిలబడ్డవే నాలుగు కీర్తి తోరణాలు. 2014 నుంచి తెలంగాణ రాజముద్రలో కనిపించే తోరణం అదే.

కాకతీయుల మెయిన్ రోడ్డు ఏదని అడిగితే, కోట లోపల ఒకదాన్నొకటి కోసుకునే ఆ బాటలనే చూపించాలి. ఇప్పటికీ బండి మీద కోటలోకి పోతే ఆ సంగతి ఒంటికి తెలుస్తుంది. ద్వారం తిన్నగా తెరుచుకోదు. ఎత్తైన రాతిగోడ ఎదురొస్తుంది, పక్కకు తిరగాలి. రెండు మూడు గజాలు పోగానే మళ్లీ తిరగాలి. అప్పుడు గానీ లోపలికి దారి కనబడదు. గుర్రాల దండు ఊపుగా దూసుకురాకుండా, ఏనుగు తలుపును పరుగెత్తుకొచ్చి గుద్దకుండా పెట్టిన మలుపులవి. ఇప్పుడు ఆ మలుపుల్లో ఎదురుగా వచ్చే ట్రాక్టర్ హారన్ ముందు వినబడుతుంది, ట్రాక్టర్ తర్వాత కనబడుతుంది.

హనుమకొండకూ ఓరుగల్లుకూ మధ్య జనం నడిచే బాట ఉండకుండా ఉండదు. రెండూ ఒకే రాజ్యం ఊళ్లు, ఒకదాంట్లో పాత గుళ్లు, ఇంకోదాంట్లో కొత్త నగరు. కానీ ఆ మధ్య భాగం గురించి మనకు బాగా తెలిసిన వర్ణన శత్రువుల వైపు నుంచి వచ్చింది. 1310 మొదట్లో అల్లాఉద్దీన్ ఖిల్జీ సేనాని మాలిక్ కాఫర్ దండు వచ్చి ముందు హనుమకొండ గుట్టను పట్టుకుంది. అక్కణ్నుంచి ఓరుగల్లు తోటలన్నీ కనిపించాయని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో రాశాడు. బయట మట్టికోట, లోపల రాతికోట ఉన్న సంగతీ ఆయనే చెప్పాడు. ఈ రోడ్డులో నేడు అత్యంత రద్దీగా ఉండే ముక్క, అంటే హనుమకొండ చౌరస్తా నుంచి వరంగల్ చౌరస్తా దాకా ఉన్నది, ఆనాడు తోటలూ పొలాలూ ఉన్న నేల అన్నమాట.

1323లో ఢిల్లీ సేనలు ఓరుగల్లును గెలిచాయి. ప్రతాపరుద్రుడితో కాకతీయుల పాలన ముగిసింది, ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు తిరిగి గెలిచాడు. తర్వాత బహమనీలు, కొన్నాళ్లు షితాబ్ ఖాన్, ఆ మీదట గోల్కొండ. ఆ శతాబ్దాల గురించి రోడ్డు వరకు చెప్పుకోవలసింది ఒక్కటే: రాజధాని హోదా పోయింది. రాజధాని లేని చోట రెండు ఊళ్లను కలిపే పెద్ద బాట కావాలని ఎవరికీ పట్టలేదు.

సుబేదారి, అదాలత్, లష్కర్

మళ్లీ కదలిక వచ్చింది నిజాం కాలంలో. 1865 ప్రాంతంలో సాలార్‌జంగ్ జిలాబందీ పెట్టి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. జిల్లాల మీద సుబాలు వచ్చాయి. వరంగల్ సుబా కింద వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలుండేవి. సుబా పేరు వరంగల్‌దే అయినా దాన్ని ఏలే సుబేదారు కాపురం, కచేరీ హనుమకొండలో పెట్టారు. కోట చుట్టూ ఉన్న నేల పల్లం, పాత ఊరు ఇరుకు. హనుమకొండకు పడమర నేల కాస్త ఎత్తు, పైగా ఖాళీ. అధికారులకు ఏం కావాలో అదే అక్కడ ఉంది: పెద్ద ఆవరణల బంగళాలు, చెట్లు, జనానికి కొంచెం దూరం.

ఆ మూడు నాలుగు కిలోమీటర్లలో పేర్లు చూడండి. సుబేదారి, అదాలత్, కాస్త లోపలికి పోతే లష్కర్ బజార్. సుబేదారు బంగళా, కోర్టు, సైనికుల బజారు. పేటలు, వాడలు, గూడేలు కావివి, ప్రభుత్వ యంత్రాంగం పేర్లు. ఇప్పటికీ ఆ ముక్కలో రోడ్డు వెడల్పు, పక్కన చెట్లు, ఆఫీసుల గోడలు మిగతా రోడ్డుకు భిన్నంగా ఉంటాయి. తెలంగాణ ఉద్యమంలో ధర్నా ఏదైనా అదాలత్ దగ్గరికే చేరడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. కలెక్టర్, కోర్టు, పోలీసు అందరూ అక్కడే ఉంటే, జనం ఇంకెక్కడికి పోతారు? ఆ కూడలిలో అమరవీరుల స్తూపం అందుకే ఉంది.

తూర్పు వైపు కథ వేరు. మట్టెవాడ, దాని అవతల వరంగల్ బజార్లు. అక్కడ వ్యాపారులు, నేతగాళ్లు, కూలీలు. వెనకాల కొత్తవాడలో జంపఖానాలు నేసే మగ్గాలు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గానీ, మగ్గాల సంఖ్య మాత్రం అప్పటికే బాగా తగ్గిపోయింది. ఎంజీఎం దగ్గర సెంట్రల్ జైలు ఉండేది. తెలంగాణ పోరాటంలో అరెస్టయిన కవులూ కార్యకర్తలూ అందులో గడిపారు. దాశరథిని మొదట ఇక్కడ ఉంచి, తర్వాత నిజామాబాద్ జైలుకు మార్చారు. 2021లో ఆ జైలును కూల్చి 24 అంతస్తుల ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు. ఆసుపత్రి కావాలి, కాదనను. ఆ గోడల్లో ఒక్క ముక్కైనా మిగల్చలేకపోయారా అన్న బాధ మాత్రం నాలాంటివాళ్లకు పోలేదు.

ఈ విధంగా 19వ శతాబ్దం నాటికే పని పంచుకోవడం అయిపోయింది: పడమర ఏలుబడి, తూర్పున బేరం. వరంగల్‌లో సరుకు అమ్ముకున్న రైతు భూమి కాగితాల కోసం హనుమకొండ పోవాలి. వరంగల్ జిల్లా కలెక్టరేట్ దశాబ్దాలపాటు హనుమకొండలోనే ఉందన్న సంగతికి మూలం ఇది. ఈ రోజువారీ రాకపోకలే మధ్యలోని తోటల బాటను రోడ్డుగా మార్చాయి.

పట్టాలు హనుమకొండను ఎందుకు వదిలేశాయి

నిజాం రైలు 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ వచ్చింది. తర్వాతి అడుగు తూర్పుకు. రెండు లక్ష్యాలు: సింగరేణి బొగ్గు, బెజవాడ మీదుగా సముద్రం వైపు దారి. 1880లలో వరంగల్ దాటి, డోర్నకల్ మీదుగా 1889 నాటికి లైను బెజవాడను అందుకుంది. బొగ్గు కోసం, ఓడరేవు కోసం వేసే లైను ఆగ్నేయానికి తిన్నగా పోవాలి. హనుమకొండకు రావాలంటే ఉత్తరాన గుట్టల మధ్యకు మళ్లి, చెరువులు తప్పించుకొని తిరిగి రావాలి. ఆ తిప్పలు ఇంజనీర్లు పడలేదు. పట్టాలు దక్షిణం నుంచే పోయాయి, సుబేదారు ఊరు పక్కన ఉండిపోయింది.

దాని ఫలితం రెండు చివర్లా కనిపించింది. తూర్పున వరంగల్ స్టేషన్ కోటకూ బజారుకూ మధ్య పడింది. బీట్ బజార్, బట్టల బజార్, లక్ష్మీపురం ధాన్యం మార్కెట్ అన్నీ స్టేషన్ చుట్టూ చేరాయి. పత్తి, మిర్చి, పల్లి బండ్లు ఉత్తర తెలంగాణ నలుమూలల నుంచి ఇక్కడికే వచ్చేవి. 1934లో స్టేషన్‌కు దగ్గర్లో ఆజంజాహి మిల్లు పెట్టారు. ఏడో నిజాం పెద్ద కొడుకు ఆజంజా పేరు పెట్టారు దానికి. పత్తి ఇక్కడే పండుతుంది, రైలు పక్కనే ఉంది, కూలీలకు కొదవ లేదు. మిల్లు సైరన్ కూతతో ఊరు లేచేదని పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయి, నష్టాల్లో కూరుకుపోయి చివరికి మూతపడింది. లేబర్ కాలనీ పేరు మాత్రం అలాగే ఉంది.

స్టేషన్ రావడంతో వరంగల్‌కూ కోటకూ మధ్య గోడ కట్టినట్టయింది. ఊరు ఉత్తరాన, కోట దక్షిణాన, మధ్యలో పట్టాలు. దాటాలంటే అండర్ బ్రిడ్జి. 1946 ఆగస్టు 11న జాతీయ జెండా ఎగరేసిన విషయంలో రజాకార్లు కోటలో బత్తిని మొగిలయ్య అనే ఉద్యమకారుణ్ని చంపారు. ఆయన పేర ఉన్న హాలు మాత్రం కోటలో కాక పట్టాలకు ఇవతల, జేపీఎన్ రోడ్డు వైపు ఉంది. ఊరి బతుకంతా ఉత్తరానికి జరిగిపోయిందనడానికి అదీ ఒక గుర్తే. రాజధాని కోట లోపల ఇప్పుడున్నది ఇళ్లూ పొలాలూ ఉన్న పల్లెటూరు. ఏడువందల ఏళ్ల నాటి ద్వారం పక్కన పశువులను కట్టేసి ఉంటారు.

పడమర చివరన కాజీపేట పుట్టింది. పేరు మాత్రం రైలుకన్నా ముందుది. 19వ శతాబ్దంలో వరంగల్‌కు ఖాజీగా ఉన్న అఫ్జల్ బియాబానీ దర్గా ఇక్కడుంది, ఉర్సుకు నేటికీ మతభేదం లేకుండా జనం వస్తారు. అయితే దర్గా ఉన్న పల్లెను పట్నం చేసింది 1929. ఆ ఏడు కాజీపేట–బల్లార్షా లైను పూర్తయి, మద్రాసుకూ ఢిల్లీకీ మధ్య దారి ఇటునుంచి తెరుచుకుంది. లోకో షెడ్డు, రైల్వే క్వార్టర్లు, ఎక్కడెక్కడి భాషలో మాట్లాడే ఉద్యోగులు. వాళ్లతో పాటు బడులు, చర్చిలు. ఫాతిమానగర్ కథీడ్రల్ (బిషప్ ఉండే పెద్ద చర్చి) ఆ వరసలో వచ్చిందే. ఇక్కడ కోచ్ ఫ్యాక్టరీ కావాలన్నది దశాబ్దాల కోరిక. 2023 జూలైలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది.

ఇప్పుడు లెక్క సరిపోయింది. మధ్యలో పాత ఊరు, దానికి రైలు లేదు. రెండు చివర్లా రెండు స్టేషన్లు. హనుమకొండ నుంచి రైలెక్కే ప్రతివాడూ తూర్పుకో పడమరకో బండెక్కాలి. కాజీపేట నుంచి సుబేదారి దాకా రోడ్డుకు ఇరువైపులా అప్పటిదాకా పొలాలూ గుట్టలూ తప్ప పెద్దగా ఏమీ లేవు. స్టేషన్ వచ్చాక అది తప్పనిసరి దారి అయింది.

ఖాళీ నింపిన కాలేజీలు

ఆ ఖాళీ నేల మీదే 1959 అక్టోబర్ 10న నెహ్రూ వచ్చి ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశాడు. దేశంలో ఆ రకం కాలేజీల్లో మొదటిది. 2002లో నిట్ అయింది, ముసలివాళ్ల నోట ఇంకా ఆర్ఈసీయే. అదే 1959లో కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాయి. హాస్టళ్లు, మెస్సులు, జిరాక్స్ షాపులు, కోచింగ్ సెంటర్లు, ఆ మీదట కార్పొరేట్ ఆసుపత్రులు రోడ్డు పొడుగునా అల్లుకున్నాయి. మధ్యలో ఎక్కడా ఊరు తెగకపోవడం ఈ ఆరు దశాబ్దాల ముచ్చటే. 1994లో మున్సిపల్ కార్పొరేషన్, 2015లో గ్రేటర్ హోదా.

నీళ్ల దారికి అడ్డంగా

ఈ రోడ్డు గుట్టలకూ చెరువులకూ మధ్య పోతుందని ముందే అనుకున్నాం. దాని ఫలితం వానాకాలంలో కనబడుతుంది. కాకతీయుల చెరువులు గొలుసుకట్టు. పై చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు పోతాయి. వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు ఈ లెక్కలోనివే. నీళ్లు పల్లానికి పోతాయి, రోడ్డేమో పడమటి నుంచి తూర్పుకు పోతుంది. కాబట్టి నీళ్లు రోడ్డును ఎక్కడో ఒకచోట దాటక తప్పదు. ఆ దాటే చోట్లలో మోరీలు చిన్నవి. వాగులు నాలాలయ్యాయి, నాలాల మీద ప్లాట్లు పడ్డాయి. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, కాలనీలు లేచాయి.

2020 ఆగస్టులో నగరం మునిగినప్పుడు నయీంనగర్ నాలా పేరు రాష్ట్రమంతా తెలిసింది. హనుమకొండ నుంచి కరీంనగర్ పోయే రోడ్డు మీద ఉంటుందది. గోపాలపురం, సమ్మయ్యనగర్ వైపు నుంచి వచ్చే వరద అక్కడి ఇరుకు వంతెన కింద ఇమడలేక వెనక్కి తన్నింది. కొన్నాళ్లు కబ్జాలు కూల్చారు, తర్వాత చప్పబడింది. 2023 జూలైలో మళ్లీ అదే. ఆసారి భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. ఆ తర్వాతే నయీంనగర్‌లో పాత వంతెన పడగొట్టి పెద్దది కట్టారు. 2024 చివర్లో భద్రకాళి చెరువు నీళ్లు వదిలేసి పూడిక తీయడం మొదలుపెట్టారు. 2025 అక్టోబర్‌లో మొంథా తుపాను వచ్చి, వంతెన ఒక్కటీ మారిస్తే చాలదని చూపించింది. హంటర్ రోడ్డు వైపు కాలనీలు మళ్లీ నీళ్లలోనే ఉన్నాయి. అధికారులు ప్రతిసారీ "ఊహించని వాన" అంటారు. వాన ఎంత కురుస్తుందో ఊహించలేకపోవచ్చు, కానీ అది ఏ దారిన పోతుందో ఎనిమిది వందల ఏళ్లుగా అందరికీ తెలుసు.

స్టేషన్ దగ్గరి అండర్ బ్రిడ్జిది ఇంకా సూటి లెక్క. రైలు కట్ట ఎత్తు, దాని కింద తవ్విన దారి చుట్టుపక్కల నేలకన్నా పల్లం. గట్టి వాన ఒక్కటి పడితే శివనగర్ వాళ్లు ఇవతలికి రాలేరు, కోట చూడ్డానికి వచ్చినవాళ్లు అవతలికి పోలేరు.

హైవే ఎక్కడ విడిపోతుంది, జిల్లా ఎక్కడ మారుతుంది

ఇక తికమకల్లో చివరిది, ఒకే నగరం రెండు జిల్లాల్లో ఎలా ఉందన్నది. దానికి ముందు హైవే సంగతి చెప్పుకోవాలి. హైదరాబాద్ నుంచి భోపాలపట్నం పోయే జాతీయ రహదారి పాత నంబరు 202, ఇప్పటి నంబరు 163. భువనగిరి, జనగామ దాటి వచ్చి కాజీపేట నుంచి హనుమకొండ మీదుగా ఈ రోడ్డులోనే నడిచింది. కానీ వరంగల్ దాకా పోలేదు. ములుగు రోడ్డు జంక్షన్ దగ్గర ఈశాన్యానికి తిరిగి ఆరెపల్లి, ములుగు, ఏటూరునాగారం వైపు వెళ్లిపోయింది. మేడారం జాతర బస్సులు తిరిగే మలుపు అదే. ఇప్పుడు కరుణాపురం దగ్గర విడిపోయి నగరానికి ఉత్తరం నుంచి ఆరెపల్లి చేరే బైపాస్ వచ్చింది కాబట్టి దూరం పోయే లారీలు ఊళ్లోకి రానక్కర్లేదు.

ఈ చిన్న సంగతికి పెద్ద అర్థం ఉంది. రోడ్డులో పడమటి సగం ఏళ్లపాటు జాతీయ రహదారి, దానికి ఆ వెడల్పు, ఆ నిధులు దక్కాయి. తూర్పు సగం, అంటే ఎంజీఎం నుంచి స్టేషన్ దాకా, బజారు వీధిగానే మిగిలింది. కాజీపేట నుంచి హనుమకొండ దాకా బండి మీద హాయిగా వచ్చినవాడికి ఎంజీఎం దాటగానే కాలు నేల మీద ఆనించాల్సి రావడం అందుకే.

జిల్లాల గీత కూడా దాదాపు ఇక్కడే పడింది. 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు నగరం దాదాపు మొత్తం వరంగల్ అర్బన్‌లో ఉండేది. 2021 ఆగస్టులో అర్బన్‌ను హనుమకొండ జిల్లాగా, రూరల్‌ను వరంగల్ జిల్లాగా మార్చి, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలను రెండోదాంట్లో కలిపారు. దాంతో మేయర్ ఒక్కరే అయినా కలెక్టర్లు ఇద్దరయ్యారు. కాజీపేట, హనుమకొండ చౌరస్తా ఒక జిల్లాలో, ఎంజీఎం, వరంగల్ చౌరస్తా, కోట ఇంకో జిల్లాలో. ఒకే నాలా పైన ఒక కలెక్టర్ కిందికి, కింద ఇంకో కలెక్టర్ కిందికి వస్తే వరద రోజున ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి? రెండింటినీ మళ్లీ కలపమన్న డిమాండ్ ఊరికే రాలేదు.

వరంగల్ జిల్లాకు సొంత కలెక్టరేట్ కోసం 2023లో ఆజంజాహి మిల్లు మైదానంలో శంకుస్థాపన చేశారు. సుబేదారు కాలం నుంచి పడమరనే ఉన్న ఏలుబడి సగం తూర్పుకు వస్తున్నదన్నమాట. జైలు చోట లేచిన 24 అంతస్తుల ఆసుపత్రి అటే. స్టేషన్ ఎదుట పాత బస్టాండును కూల్చి తలపెట్టిన కొత్తదీ అటే. మూడింటికీ వచ్చే జనం, బండ్లు, అంబులెన్సులు పడేది హైవే కాని ఆ ఇరుకు సగం మీద. అక్కడ రోడ్డు వెడల్పు చేద్దామంటే రెండు పక్కలా మూడు నాలుగు తరాల దుకాణాలున్నాయి. దక్షిణం నుంచి దారి తెద్దామంటే అండర్ బ్రిడ్జి ఉంది. ముందు ఆ అండర్ బ్రిడ్జిలో నీళ్లు నిలవకుండా చేస్తే, కోట వైపు జనానికైనా చౌరస్తా చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది.